ముందొచ్చినవాడే ఒకటో నంబరా? లినక్స్ కంప్యూటర్లలో నెట్‌వర్క్ కార్డుల వరుస



సోలాపూర్ తూర్పు భాగంలో అశోక్ చౌక్ నుంచి సాఖర్ పేఠ్ దాకా ఏ సందులో నడిచినా మనకు వినిపించేది సాంచెల చప్పుడే. ఆ చప్పుడులో పుట్టి, ఆ చప్పుడులోనే చదువుకుని, ఇవాళ దాని మధ్యనే పాఠాలు చెబుతున్నదాన్ని నేను. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, రెండూ నావే. ఇవాళ మీతో మాట్లాడబోయేది మాత్రం మగ్గం గురించి కాదు, కంప్యూటర్ గురించి. అయితే పడుగు, పేక తెలిసినవాళ్లకు ఈ సంగతి మిగతావాళ్లకంటే తొందరగా అర్థమవుతుందని నా నమ్మకం.

ముందుగా జరిగిన సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందటి మాట. మా పేటలో ఒక బడి. అందులో కంప్యూటర్ల గది. పిల్లలు కూర్చునే పాత కంప్యూటర్లు ఇరవై. వాటన్నిటికీ పెద్దదిక్కుగా ఒక కంప్యూటర్ ఉండేది. దాన్ని సర్వర్ అంటారు. పిల్లల కంప్యూటర్లకు చిరునామాలు పంచిపెట్టేది అదే, ఇంటర్నెట్ ఇచ్చేది అదే, అక్కర్లేనివాళ్లను లోపలికి రాకుండా కాపలా కాసేదీ అదే. దాంట్లో నడిచేది లినక్స్.

లినక్స్ అంటే ఏమిటని కొందరికి సందేహం రావచ్చు. కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాములలో అదొకటి. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దాన్ని మొదలుపెట్టాడు. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అందుకే కేరళ ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ పాఠాలు దానితోనే చెబుతున్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ దాన్ని తెలుగులోకి కూడా తెచ్చింది. డబ్బు లేని బడులకు అది నిజంగా వరమే.

ఇక మా సర్వర్ సంగతి. దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు. కార్డంటే మరేమీ కాదు, తీగ గుచ్చడానికి చిన్న రంధ్రం ఉన్న పలక. ఒక తీగ ఇంటర్నెట్ పెట్టెకు పోతుంది. అది బయటి వైపు. రెండో తీగ పిల్లల కంప్యూటర్లను కలిపే స్విచ్ పెట్టెకు పోతుంది. అది లోపలి వైపు. ఇంటికి వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఉన్నట్టే అనుకోండి.

దసరా సెలవుల్లో ఆ సర్వర్ డిస్కు పాడైంది. పుణేలో ఉద్యోగం చేసే మా పాత విద్యార్థి ఒకబ్బాయి కొత్త డిస్కు తెచ్చి వేశాడు. ఎవరూ పక్కన కూర్చుని ప్రశ్నలకు జవాబులు చెప్పక్కర్లేకుండా, ముందే రాసిపెట్టిన జవాబు పత్రంతో లినక్స్ దానంతటదే ఎక్కేలా ఏర్పాటు చేశాడు. గంటలోపల పని ముగిసింది. అబ్బాయి రాత్రి బండికి వెళ్లిపోయాడు.

సెలవులయ్యాక మూడో రోజు, బీడీ కార్మికుల పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులకు ఆఖరు రోజు. మా దగ్గర ముప్పై ఇద్దరు పిల్లలు. తల్లి పొద్దంతా బీడీలు చుడితే, తండ్రి రాత్రంతా సాంచె నడిపితే గడిచే ఇళ్లు అవి. ఆ డబ్బుతో పుస్తకాలు వస్తాయి, బూట్లు వస్తాయి. ఆ డబ్బు రాకపోతే ఆడపిల్ల బడి మానేసి బీడీల బుట్ట దగ్గర కూర్చునే ఇళ్లు కూడా వాటిలో ఉన్నాయి.

పొద్దున సర్వర్ పెట్టగానే చూస్తే, పిల్లల కంప్యూటర్లలో ఒక్కదానికీ ఇంటర్నెట్ లేదు. మా మాస్టారు ఒకాయన కాసేపు చూసి, అనుమానం వచ్చి, సర్వర్ వెనక ఉన్న రెండు తీగలూ అటుదిటు ఇటుదటు మార్చి పెట్టారు. అంతే, అన్నీ పనిచేశాయి! అందరం సంతోషించాం. ఒంటిగంట లోపల పందొమ్మిది దరఖాస్తులు వెళ్లాయి.

ఒంటిగంటకు కరెంటు పోయింది. మూడింటికి వచ్చింది. సర్వర్ మళ్లీ లేచింది. మళ్లీ ఇంటర్నెట్ లేదు! తీగలు పొద్దున పెట్టినట్టే ఉన్నాయి, ఎవరూ తాకలేదు. తీగలు మార్చిన మాస్టారు అప్పటికి ఇంటికి వెళ్లిపోయారు. మేమేమో లైను పోయిందనుకుని ఇంటర్నెట్ వాళ్లకు ఫోన్లు చేస్తూ కూర్చున్నాం. లైను బాగానే ఉందని వాళ్లు, లేదని మేము. ఏడింటికి ఆ మాస్టారు వచ్చి తీగలు మళ్లీ మొదట ఉన్నట్టు మార్చి పెడితే పనిచేసింది. అప్పటికి దేశమంతా ఆఖరు రోజున దరఖాస్తులు పంపుతూ ఉంది, ఒక్కొక్కటి పోవడానికి పావుగంట పట్టింది. అర్ధరాత్రి లోపల ఇంకో పదకొండు వెళ్లాయి. రెండు మిగిలిపోయాయి. ఆ ఏడు ఆ ఇద్దరికీ ఆ డబ్బు రాలేదు.

శ్రోతలారా, ఎవరినీ తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. అబ్బాయి పని బాగానే చేశాడు. తీగలు మార్చిన మాస్టారి ఆలోచనా మంచిదే. మరి పొద్దున సరిపోయిన తీగలు మధ్యాహ్నం ఎందుకు సరిపోలేదు? ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. ఆ జవాబే ఈనాటి ప్రసంగం.

లినక్స్ తన నెట్‌వర్క్ కార్డులకు పేర్లు పెట్టుకుంటుంది. పాత పద్ధతిలో మొదటి కార్డు పేరు ఈత్-0, రెండోదాని పేరు ఈత్-1. నీళ్లలో కొట్టే ఈతకూ దీనికీ సంబంధం లేదు. కంప్యూటర్లను తీగలతో కలిపే పద్ధతిని ఈథర్‌నెట్ అంటారు. అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో 1973లో అది పుట్టింది. ఆ మాటలో ముందు ముక్కే ఈ ఈత్. లెక్క ఒకటితో కాక సున్నాతో మొదలుపెట్టడం కంప్యూటర్ వాళ్ల అలవాటు.

సర్వర్‌కు మనం రాసిచ్చే ఆజ్ఞలన్నీ ఈ పేర్లతోనే ఉంటాయి. "ఈత్-0 బయటి వైపు, జాగ్రత్తగా ఉండు. ఈత్-1 లోపలి వైపు, పిల్లల కంప్యూటర్లకు చిరునామాలు పంచు." బాగానే ఉంది కదా? చిక్కల్లా ఒక్కటే. ఏ కార్డుకు ఈత్-0 అనే పేరు వస్తుంది?

మన బడినే తీసుకోండి. నా దగ్గర హాజరు పట్టీ లేదనుకుందాం. పొద్దున ఎవరు ముందు గదిలోకి వస్తే వాళ్లకు ఒకటో నంబరు, తర్వాత వచ్చినవాళ్లకు రెండో నంబరు ఇస్తున్నాననుకుందాం. సోమవారం లక్ష్మి ముందొచ్చింది. ఆమె ఒకటో నంబరు. మంగళవారం సైకిల్ పంక్చరై లక్ష్మి ఆలస్యమైంది, రేణుక ఒకటో నంబరైంది. "ఒకటో నంబరుకు మందు వేయండి" అని డాక్టరు చీటీ రాసి పంపితే ఏమవుతుంది? ఒకరి మందు ఇంకొకరికి పడుతుంది. చీటీలో తప్పు లేదు. మందులో తప్పు లేదు. నంబరు ఇచ్చిన పద్ధతిలో ఉంది తప్పు.

లినక్స్ పాత పద్ధతి సరిగ్గా ఇదే. ప్రతి కార్డునూ నడపడానికి డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాము కావాలి. కంప్యూటర్ లేచేటప్పుడు ఏ డ్రైవర్ ముందు సిద్ధమైతే దాని కార్డుకు ఈత్-0. తర్వాత సిద్ధమైనదానికి ఈత్-1. మా సర్వర్‌లో ఒక కార్డు మదర్‌బోర్డులోనే ఉన్నది, రెండోది మేము కొని గుచ్చినది. రెండూ రెండు కంపెనీలవి, రెంటికీ వేర్వేరు డ్రైవర్లు. వేగం కోసం ఈ కాలపు లినక్స్ డ్రైవర్లను ఒకదాని వెనక ఒకటి కాకుండా అన్నిటినీ ఒకేసారి లేపుతుంది. రెండూ పందెం కట్టినట్టు పరిగెడతాయి. తేడా సెకనులో ఏ నూరో వంతో. పొద్దున ఒకటి గెలిచింది, మధ్యాహ్నం ఇంకొకటి గెలిచింది. మా తీగలు అటూ ఇటూ కావడానికి కారణం అదే. తీగలు మార్చడం మందు కాదు, ఆ పూటకు నొప్పి తగ్గించడం మాత్రమే.

ఈ చిక్కు మా బడికి మాత్రమే వచ్చింది కాదు. లినక్స్‌లో 2.6 అనే మెట్టు 2003 డిసెంబరులో వచ్చింది. అది కార్డుల కోసం కంప్యూటర్ లోపల వెతికే వరుస పాతదానికి భిన్నం. దాంతో పెద్ద పెద్ద కార్యాలయాల్లో సైతం కొత్త లినక్స్ ఎక్కించగానే ఈత్-0, ఈత్-1 తారుమారయ్యాయి. పాత వరుసలోనే వెతకమని చెప్పడానికి తర్వాత ప్రత్యేకంగా ఒక ఆజ్ఞను చేర్చవలసి వచ్చింది.

ఇక దానంతటదే ఎక్కే లినక్స్ సంగతి చూద్దాం. ఇక్కడే మన మగ్గం అక్కరకు వస్తుంది. సోలాపూర్ చద్దర్ మీద నెమళ్లూ పూలూ ఎలా వస్తాయి? జకార్డుతో. ఫ్రాన్సులో లియోన్ పట్టణానికి చెందిన జోసెఫ్ మరీ జకార్డ్ పందొమ్మిదో శతాబ్ది మొదట్లో రూపొందించిన పనిముట్టు అది. అట్టల మీద రంధ్రాలుంటాయి. ఏ రంధ్రం ఉంటే ఏ పోగు లేవాలో ఆ అట్టే చెబుతుంది. నేసేవాడు ప్రతి పోగునూ చేత్తో ఎత్తక్కర్లేదు. ఆ రంధ్రాల అట్టల ఆలోచనే 1890లో అమెరికా జనాభా లెక్కలకు పనికొచ్చింది, తర్వాత కంప్యూటర్ల దాకా నడిచింది. అంటే కంప్యూటర్ మనకు పరాయిది కాదు, మన మగ్గానికి దూరపు చుట్టమే.

కంప్యూటర్‌కు రాసిచ్చే జవాబు పత్రం కూడా జకార్డు అట్టల దండ లాంటిదే. రెడ్ హ్యాట్ వాళ్ల లినక్స్‌లో దాని పేరు కిక్‌స్టార్ట్. డెబియన్ లినక్స్‌లో ప్రీసీడ్. ఉబుంటు సర్వర్‌లో 2020 నుంచి ఆటోఇన్‌స్టాల్. భాష ఏది, గడియారం ఎక్కడిది, డిస్కును ఎలా విభజించాలి, ఏ కార్డుతో నెట్‌వర్కులో కలవాలి, అన్నిటికీ జవాబులు అందులో ఉంటాయి. 1990ల చివర్లో ఇంటెల్ కంపెనీ రూపొందించిన పీఎక్స్‌ఈ అనే పద్ధతి ఉంటే డిస్కు, సీడీ కూడా అక్కర్లేదు. కంప్యూటర్ లేవగానే దాని నెట్‌వర్క్ కార్డు "నాకు చిరునామా ఎవరిస్తారు, నన్ను ఎవరు లేపుతారు?" అని కేకవేస్తుంది. ఇంకో కంప్యూటర్ జవాబిచ్చి లినక్స్‌ను తీగ మీదుగా పంపుతుంది.

అట్టలు ఎంత బాగా కొట్టినా, పడుగు పోగులు అచ్చులో వరుస తప్పితే ఏమవుతుంది? నెమలి తల ఉండాల్సిన చోట తోక వస్తుంది. అట్టలో తప్పు లేదు, పోగులో తప్పు లేదు. మన పెద్దలు పోగును అచ్చులో దాని చోటును బట్టి గుర్తుపడతారు కాని, చేతికి ముందొచ్చిన పోగు ఒకటోదని అనరు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. లినక్స్‌ను ఎక్కించే లినక్స్ వేరు, ఎక్కిన లినక్స్ వేరు. ఎక్కించేది తాత్కాలికంగా జ్ఞాపకంలో నడిచి, పని ముగించి తప్పుకుంటుంది. అప్పుడు కంప్యూటర్ మళ్లీ లేచి, డిస్కు మీద ఎక్కిన లినక్స్ నడుస్తుంది. రెండూ డ్రైవర్లను ఒకే వరుసలో లేపుతాయన్న హామీ లేదు. ఎక్కించేటప్పుడు ఈత్-0 అయిన కార్డు, ఎక్కాక ఈత్-1 కావచ్చు. మనిషి దగ్గరుండి చేస్తే వెంటనే కనిపెడతాడు. ఎవరూ లేనప్పుడు, ఇరవై కంప్యూటర్లకు ఒకేసారి జరుగుతున్నప్పుడు, ఎవరు చూస్తారు?

ఇంటర్నెట్ రాకపోవడం ఒక్కటే నష్టమైతే కొంత నయం. ఇంకో ప్రమాదం ఉంది. కాపలా ఆజ్ఞలు కూడా పేర్లతోనే ఉంటాయని చెప్పాను కదా. పేర్లు తారుమారైతే కాపలావాడు పెరటి వైపు తిరిగి నిలబడతాడు, వీధి గుమ్మం బార్లా తెరిచి ఉంటుంది. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల వివరాలు ఉన్న ఫైళ్లు లోపలివాళ్ల కోసం తెరిచిపెట్టినవి, బయటివాళ్లకు కనిపించే వీలుంటుంది. కంప్యూటర్ మాత్రం అంతా బాగానే ఉందని చెబుతూనే ఉంటుంది.

మరి మందేమిటి? హాజరు పట్టీ. వచ్చిన వరుసతో పనిలేకుండా, ఎవరు ఎవరో ముందే రాసిపెట్టుకోవడం. అలా రాయడానికి రెండు ఆధారాలున్నాయి. ఒకటి కార్డు పుట్టుమచ్చ. రెండు కార్డు కూర్చున్న చోటు.

పుట్టుమచ్చ అంటే మ్యాక్ అడ్రసు. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ దాన్ని తయారుచేసిన కంపెనీ ఒక సంఖ్య ఇస్తుంది. 0 నుంచి 9 దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు, కలిపి పన్నెండు స్థానాలు. ముందు ఆరు సాధారణంగా కంపెనీని చెబుతాయి, తర్వాత ఆరు ఆ కార్డును చెబుతాయి. లినక్స్‌లో యూడెవ్ అనే ప్రోగ్రాము ఈ పుట్టుమచ్చ చూసి కార్డు పేరును ఒక ఫైలులో దానంతటదే రాసిపెట్టుకునే పద్ధతి కొన్నేళ్లు నడిచింది. ఒకసారి ఈత్-0 అయిన కార్డు ఎప్పటికీ ఈత్-0గానే ఉండేది.

అయితే దాంట్లోనూ ఒక చిక్కు వచ్చింది. ఒక కంప్యూటర్ డిస్కును అచ్చుగుద్దినట్టు నకలు తీసి ఇరవై కంప్యూటర్లకు వేస్తే, ఆ ఫైలు కూడా నకలై పోయేది. కొత్త కంప్యూటర్ లేచి చూస్తే, పట్టీలో ఈత్-0 పేరు వేరే ఎవరికో రాసి ఉంది. కనుక తన కార్డుకు ఈత్-1 అని పెట్టుకునేది. ఒకే ఒక్క కార్డున్న కంప్యూటర్‌లో ఈత్-0 లేదు, ఈత్-1 ఉంది! నకలు తీసే ముందు ఆ ఫైలును తీసివేయాలన్న సంగతి తెలియక ఎందరో తలలు పట్టుకున్నారు. పాత లినక్సులతో పనిచేసేవాళ్లకు ఇది ఇప్పటికీ గుర్తుంచుకోదగ్గ మాట.

రెండో ఆధారం చోటు. మొదటి బెంచీలో కిటికీ పక్కన కూర్చున్న పిల్ల, అన్నట్టు. డెల్ కంపెనీ ఇంజనీర్లు తయారుచేసిన బయోస్‌డెవ్‌నేమ్ అనే ప్రోగ్రాము ఈ దారిలో నడిచింది. 2011లో ఫెడోరా 15 లినక్స్ దాన్ని వాడుకుంది. తర్వాత 2013 జనవరిలో సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాము 197వ కూర్పుతో చోటును బట్టి పేర్లు పెట్టే పద్ధతి మరింత విస్తరించింది. 2014లో వచ్చిన రెడ్ హ్యాట్ 7, 2017లో వచ్చిన డెబియన్ 9 దాన్నే మామూలు పద్ధతి చేశాయి. మదర్‌బోర్డులో ఉన్న కార్డు పేరు ఇఎన్‌ఓ1 అవుతుంది. అందులో ఓ అంటే బోర్డు మీదే ఉన్నదని. గుచ్చిన కార్డు పేరు ఇఎన్‌పీ3ఎస్0 లాగా ఉంటుంది. మూడో బస్సు, సున్నా సీటు అని అర్థం. ఇక్కడ బస్సంటే కంప్యూటర్ లోపల సమాచారం నడిచే దారి.

మరి మా సర్వర్‌లో ఈ కొత్త పద్ధతి ఎందుకు పనిచేయలేదు? నెల తర్వాత నేను కనిపెట్టింది ఇదే. కొత్త పేర్లు పలకడం కష్టమని, పాత పేర్లే కావాలని అడిగే ఒక చిన్న మాట ఆ జవాబు పత్రంలో ఉంది. ఎప్పటిదో పాత పత్రాన్ని తెచ్చుకుని వాడిన ఫలితం అది. ఒక్క కార్డున్న కంప్యూటర్‌కు ఆ మాట వల్ల నష్టం లేదు. రెండు కార్డులున్నదానికి మాత్రం హాజరు పట్టీని చింపేసినట్టే. మీ దగ్గర ఇలాంటి పత్రం ఉంటే మొదట చూడవలసింది ఆ మాటనే. దాని పేరు నెట్ డాట్ ఇఫ్‌నేమ్స్. దాని పక్కన సున్నా ఉంటే, రెండు కార్డుల కంప్యూటర్‌లో జాగ్రత్తపడాలి.

ఇప్పుడు చేయవలసిన పని వరుసగా చెబుతాను. కంప్యూటర్ పని తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటే దగ్గర కూర్చోబెట్టుకోండి.

మొదట, ఏ కార్డు ఏదో కంటితో చూసి తేల్చుకోవాలి. ఐపీ లింక్ అనే ఆజ్ఞ ఇస్తే కార్డుల పేర్లూ, మ్యాక్ అడ్రసులూ తెర మీద వస్తాయి. ఈత్‌టూల్ అనే ప్రోగ్రాముకు చిన్న పీ అక్షరం, కార్డు పేరు చేర్చి ఆజ్ఞ ఇస్తే, చాలా కార్డులలో రంధ్రం పక్కనున్న దీపం మిణుకుమిణుకుమంటుంది. ఏ దీపం మిణుకుతుందో అదే ఆ కార్డు. మా గదిలో అప్పుడే బయటి తీగకు ఎర్ర నూలు, లోపలి తీగకు ఆకుపచ్చ నూలు కట్టాం. మా పేటలో నూలుకు కరువేముంది!

రెండోది, వరుసను చెప్పే పేర్లు మానేసి, పనిని చెప్పే పేర్లు పెట్టాలి. మేము పెట్టినవి బయట, లోపల. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి, పదిహేను అక్షరాలు దాటకూడదు. ఈత్-0, ఈత్-1 అనే పేర్లనే మళ్లీ ఇవ్వబోవద్దు. లినక్స్ తనంత తాను ఇచ్చే పేర్లూ అవే కనుక, మన పేరూ దాని పేరూ ఢీకొని మొదటికే మోసం వస్తుంది.

మూడోది, ఆ పేర్లను సిస్టమ్‌డీ వాళ్ల నెట్‌వర్క్ సంచిలో లింక్ అనే తోకతో ముగిసే ఫైళ్లలో రాయాలి. ఒక్కో కార్డుకు ఒక్కో ఫైలు. ప్రతి ఫైలులో రెండు భాగాలు. మ్యాచ్ అనే భాగంలో కార్డు గుర్తు, అంటే మ్యాక్ అడ్రసు. లింక్ అనే భాగంలో మనం ఇచ్చే పేరు. ఫైలు పేరు 10తో మొదలుపెట్టండి. ఫైళ్లను అక్షర వరుసలో చదివి, మొదట సరిపోయినదాన్నే లినక్స్ లెక్కలోకి తీసుకుంటుంది. దానికి సొంతంగా ఉన్న ఫైలు 99తో మొదలవుతుంది. మనది ముందుండాలి.

నాలుగోది చాలామంది మరిచిపోయేది. కంప్యూటర్ లేచేటప్పుడు మొదట ఒక చిన్న తాత్కాలిక మూట విప్పుకుని, ఆ తర్వాత డిస్కు మీదికి వస్తుంది. కార్డులకు పేర్లు ఆ మూటలో ఉండగానే పడిపోవచ్చు. అందుకని ఫైళ్లు రాశాక ఆ మూటను మళ్లీ కట్టాలి. డెబియన్, ఉబుంటులలో ఆ పనికి అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ఆజ్ఞ, రెడ్ హ్యాట్‌లో డ్రాకట్ అనే ఆజ్ఞ.

అయిదోది, కాపలా ఆజ్ఞల్లోనూ, చిరునామాలు పంచే ఆజ్ఞల్లోనూ పాత పేర్లు కొట్టేసి కొత్త పేర్లు రాయాలి. ఒక్కచోట పాత పేరు మిగిలినా చిక్కే.

ఆరోది, ఇదంతా చేత్తో చేసి వదిలేయకూడదు. జవాబు పత్రంలోనే రాయాలి. కిక్‌స్టార్ట్‌లో ఎక్కించడం ముగిశాక నడిచే పోస్ట్ అనే భాగం ఉంటుంది. లింక్ ఫైళ్లు రాయడం, మూట కట్టడం అందులో పెడితే, రేపు డిస్కు మళ్లీ పాడైనా పేర్లు సరిగ్గా వస్తాయి. ఎక్కించేటప్పుడు ఏ కార్డు వాడాలన్న ప్రశ్నకూ ఈత్-0 అని జవాబు రాయవద్దు. కార్డు పేరు ఉండాల్సిన చోట మ్యాక్ అడ్రసు రాయవచ్చు, లేదా బూటిఫ్ అనే మాట రాయవచ్చు. ఏ కార్డు మీదుగా కంప్యూటర్ లేచిందో ఆ కార్డే వాడమని దాని అర్థం. పీఎక్స్‌ఈలినక్స్‌తో లేపేవాళ్లు దాని పట్టికలో ఐపీ అపెండ్ 2 అనే పంక్తి చేర్చితే, లేచిన కార్డు మ్యాక్ అడ్రసు ఎక్కించే లినక్స్‌కు అందుతుంది.

పుట్టుమచ్చ మంచిదా, చోటు మంచిదా అని మీరడగవచ్చు. ఒక్క సర్వర్ అయితే పుట్టుమచ్చే మేలు. కాని కార్డు కాలిపోయి కొత్తది వేస్తే పట్టీలో కొత్త సంఖ్య రాయాలని గుర్తుంచుకోవాలి. ఒకే నమూనా కంప్యూటర్లు యాభై ఉంటే చోటు మేలు. ప్రతిదాని పుట్టుమచ్చ వేరైనా చోటు ఒకటే కనుక, ఒకే పత్రం అన్నిటికీ సరిపోతుంది. అయితే చోటుకూ ఒక లోపముంది. పక్కన ఇంకో కార్డు గుచ్చితే లోపలి బస్సుల లెక్క జరిగి, మూడో బస్సు నాలుగో బస్సు కావచ్చు. అప్పుడు పేరూ మారుతుంది. కొత్త కార్డు గుచ్చిన రోజున పేర్లు సరిచూసుకోవడం మంచిది.

చివరిది పరీక్ష. ఒక్కసారి పనిచేసిందని సంతోషపడి లేచిపోవద్దు. మేము చేసిన తప్పు అదే. పందెంలో గెలుపు ఒకసారి ఇటు, ఒకసారి అటు. కనుక కనీసం అయిదారుసార్లు ఆపి లేపి చూడాలి. అందులో రెండుసార్లయినా కరెంటు తీగ పూర్తిగా పీకి, కాసేపాగి లేపాలి. ప్రతిసారీ ఎర్ర నూలు తీగ బయట అనే పేరు మీదే ఉందా, ఆకుపచ్చ నూలు తీగ లోపల అనే పేరు మీదే ఉందా చూడాలి. కొత్త అట్టలు కట్టిన నాడు జానెడు నేసి చూడనిదే ఎవరైనా చద్దర్ మొదలుపెడతారా?

ఆ నెల చివర ఒక ఆదివారం, పుణే అబ్బాయీ నేనూ కూర్చుని మా సర్వర్‌కు ఇదంతా చేశాం. అతను ఫోన్లో చెబుతుంటే నేను కొట్టాను. ఆ తర్వాత ఎన్నిసార్లు కరెంటు పోయిందో లెక్కలేదు. తీగలు మార్చవలసిన అవసరం మాత్రం రాలేదు. జవాబు పత్రాన్ని కాగితం మీద అచ్చువేసి, కంప్యూటర్ల గది తలుపు వెనక అతికించాం. నేను సెలవులో ఉన్నా ఎవరైనా చదువుకుని చేయగలగాలి కదా.

ఇంకొక పని కూడా చేశాం. దరఖాస్తులు ఆఖరు రోజుకు ఉంచుకోవడం మానేశాం. గడువుకు వారం ముందే ముగించాలని నియమం పెట్టుకున్నాం. మరుసటి ఏడు ఆ ఇద్దరు పిల్లల దరఖాస్తులే అన్నిటికంటే ముందు పంపాం. ఇద్దరికీ డబ్బు వచ్చింది. ఒకమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఉంది. మొన్న రాఖీ పౌర్ణమి నాడు మార్కండేయ రథం ఊరేగింపులో కనిపించి, "టీచర్, మన సర్వర్ ఎలా ఉంది?" అని అడిగింది. బాగానే ఉందని చెప్పాను.

పేర్లు వచ్చిన వరుసను బట్టి ఇస్తే రోజుకో తీరుగా ఉంటాయి. మనిషినైనా, పోగునైనా, కార్డునైనా, అది ఏదో, దాని చోటేదో ముందే రాసిపెట్టుకుంటే కరెంటు పోయినా, దగ్గర ఎవరూ లేకపోయినా పని నిలబడుతుంది. మీ బడిలోనో, కార్ఖానాలోనో రెండు తీగల కంప్యూటర్ ఉంటే, రేపే దాని వెనక్కి వెళ్లి ఏ తీగ ఏదో చూడండి. చేతిలో రెండు రంగుల నూలు ఉంచుకోండి.